గేటు దాకా సాగనంపడం

పులిహోరలో ఇంగువ వెయ్యాలా వద్దా అన్నదాని మీద ఆ శనివారం ఉదయం మా ఇంట్లో గొడవ మొదలైంది. పులిహోర మాకు కాదు, పెద్దమ్మకి. ఇంగువ లేకపోతే అక్కకి ముద్ద దిగదని మా అమ్మ. ఆవిడకి ఇంగువ వాసనే గిట్టదని మావారు.

"ఇన్నేళ్ళుగా దానికి వండి పెడుతున్నది నేనా, మీరా బాబూ?" అంది అమ్మ. అల్లుణ్ణి అమ్మ కోపం వచ్చినప్పుడే బాబూ అంటుంది.

"వండింది మీరేనండీ అత్తయ్యగారూ. తింటున్నప్పుడు ఆవిడ మొహం చూసింది మాత్రం నేను," అన్నారు మావారు పేపరు మడుస్తూ.

"అయితే నాకు కళ్ళు లేవంటారు."

"మీరు పొయ్యి వైపు తిరిగి ఉంటారు కదా అంటున్నాను."

పోపు మాడుతోంది. నేను స్టవ్ ఆపి, "మనం వెళ్ళేది ఆవిడ దగ్గరికే కదా, ఆవిణ్ణే అడిగితే పోలా?" అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. సగం పులిహోరలో ఇంగువ వేసి, సగం మామూలుగా ఉంచి, రెండు గిన్నెల్లో సర్దాను. అంత చిన్న ప్రశ్నకి జవాబు దొరకడానికి ఎంత కాలం పడుతుందో అప్పటికి మాకు తెలీదు.

పెద్దమ్మ పేరు భ్రమరాంబ. కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా పక్క వాటాలో ఉంటుంది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చింది కనక అక్కచెల్లెళ్ళిద్దరికీ మధ్య ఒక్క గోడే అడ్డం. మధ్యాహ్నం కాఫీ అయ్యాక ఆ గోడ కూడా ఉండేది కాదు. ఇద్దరూ మా వరండాలో కూచుని పోట్లాడుకునేవారు. చిన్నప్పుడు పోయిన రిబ్బను దగ్గర్నుంచి నిన్నటి చారు దాకా విషయాలకి కరువు లేదు. పెద్దమ్మకి విసుగొస్తే చెయ్యెత్తి, "లైన్ కట్" అని లేచిపోయేది. మర్నాడు ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలు. సగంలో తెగిన మాటని పెద్దమ్మ ఎన్నడూ వదిలిపెట్టలేదు. ఉద్యోగం అలాంటిది.

వానాకాలంలో పెరట్లో నాచు మీద జారి పెద్దమ్మకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, కొన్నాళ్ళు దగ్గరుండి నడిపించే మనిషి కావాలన్నారు. మా బాత్రూము పెరట్లో ఉంది, మూడు మెట్లు దిగి వెళ్ళాలి. అందుకని ఊరి చివర "సాయంసంధ్య" అనే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేరింది. ఎవరూ పంపలేదు, ఆవిడే ఎంచుకుంది. "గదిలోనే బాత్రూముంది, కాలు బాగయ్యేదాకా నన్నక్కడ వదిలెయ్యండి," అంది.

అక్కడ నడక నేర్పే హేమలత అనే అమ్మాయి కొద్ది రోజుల్లోనే ఒక సంగతి కనిపెట్టింది. కమ్మీలు పట్టుకుని నడవమంటే పెద్దమ్మ నాలుగడుగులేసి కూచుంటుంది. మేము వెళ్ళొస్తామని లేచామంటే మాత్రం వాకరు అందుకుని గేటు దాకా వస్తుంది. ఇంటికొచ్చిన మనిషిని గేటు దాకా సాగనంపకుండా లోపలే కూచోవడం ఆవిడ ఎరగదు.

"మీరు రోజూ రండి, రోజూ వెళ్ళిపోండి. అదే ఆవిడకి మందు," అంది హేమలత. "ఈ రెండు నెలల్లో కాలు అలవాటు పడకపోతే మాత్రం ఇంక మంచమేనండి. తర్వాత ఎవరం ఏమీ చెయ్యలేం."

మేము రోజూ వెళ్ళాం, రోజూ వెళ్ళిపోయాం. అమ్మ వెళ్ళగానే పోట్లాట పెట్టుకునేది. పెద్దమ్మ ఆ పోట్లాట ముగించడానికి గేటు దాకా వచ్చేది.

ఆ శనివారం పులిహోర గిన్నెలతో వెళ్ళేసరికి గేటుకి అడ్డంగా పెద్ద బ్యానరు కట్టి ఉంది. "సురక్షిత సందర్శన వారోత్సవాలు" అని పైన, "ప్రేమించండి, దూరం నుంచి!" అని కింద. పోర్టికోలో కుర్చీలు వేసి మమ్మల్నందర్నీ కూచోబెట్టారు. కొత్తగా వచ్చిన భద్రతాధికారి కుక్కుటేశ్వరరావు గారు మైకు అందుకున్నారు. ఆయన పాతికేళ్ళు ఏదో రసాయనాల ఫ్యాక్టరీలో ప్రమాదాలు జరక్కుండా చూసిన మనిషట. ఆ కేంద్రానికి ఏదో సంఘం వారి ఐదో నక్షత్రం తెప్పించడానికి ఆయన్ని తీసుకొచ్చారు.

"గత వారం ఒక సందర్శకురాలి చేతిలోని కాఫీ నేలపై ఒలికిన విషయం మీకు విదితమే," అన్నారు ఆయన. "ఎవరూ జారలేదు. ఎవరికీ కాలలేదు. దీన్ని మేము జరగబోయి తప్పిపోయిన ప్రమాదం అంటాం. జరిగిన ప్రమాదం కన్నా ఇదే భయంకరం. జరిగినదానికి ఒక హద్దుంటుంది. జరగనిదానికి ఉండదు."

అందరం హద్దు లేని ప్రమాదాన్ని ఊహించుకుంటూ కూచున్నాం.

"మేము మూలకారణ విశ్లేషణ జరిపాం. సందర్శకులు లేని వేళల్లో కాఫీ ఒలకలేదు. కావున మూలకారణం సందర్శకులని నిర్ధారించడమైనది."

"సందర్శకులు లేనప్పుడు వీళ్ళు కాఫీ ఇవ్వరుగా, ఎలా ఒలుకుతుంది?" అంది అమ్మ నా చెవిలో. గుసగుస అమ్మకి చేతకాదు. అందరికీ వినపడింది. ఆయన మాత్రం వినలేదు.

లోపలికి వెళ్ళేముందు మాకు నెత్తిన పచ్చ హెల్మెట్లు, ఒంటిమీద మెరిసే చొక్కాలు, కాళ్ళకి గుడ్డ సంచులు తొడిగారు. చేతులు మూడు రకాల నీళ్ళతో కడిగించారు. పులిహోర రెండు గిన్నెలూ వాచ్‌మన్ దగ్గర ఆగిపోయాయి. బయటి ఆహారం "అజ్ఞాత పదార్థం" కిందికి వస్తుందట. ఊరికే చేతులూపుకుంటూ వెళ్ళడం ఎలాగని అమ్మ మథనపడింది. పిల్లల దగ్గరికీ పెద్దల దగ్గరికీ వట్టి చేతుల్తో వెళ్ళకూడదు కదా.

"వట్టి చేతులే సురక్షితం మేడమ్," అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

పెద్దమ్మ గదిలో పసుప్పచ్చ గీత గీశారు. గీతకి అటు పెద్దమ్మ, ఇటు మేము. పెద్దమ్మ అమ్మని పైనుంచి కిందికి చూసింది.

"ఏవిటే సీతా, వంతెన కట్టడానికి వచ్చావా?"

"నీ మొహం. ఇవి పెట్టుకోకపోతే నీకు ప్రమాదంట."

"నీవల్ల నాకు ప్రమాదమని ఇన్నాళ్ళకి కనిపెట్టారా? నేను అయిదో క్లాసులోనే చెప్పాను."

మావారు గొంతు సవరించుకుని, "పెద్దమ్మగారూ, పులిహోరలో ఇంగువ..." అనేలోపల గుమ్మంలో నిలబడ్డ నర్సు విజిల్ ఊదింది. ఆహార ప్రస్తావన రోగిలో కోరికను రేపుతుందట. వెళ్ళొస్తామని లేచాం. పెద్దమ్మ వాకరు అందుకుంది. మళ్ళీ విజిల్.

"వీడ్కోలు కుర్చీలోనే," అంది నర్సు. "సాగనంపేటప్పుడు పడిపోయే అవకాశముంది."

"కూచుని సాగనంపడం ఏవిటమ్మా? నాకేం పోయేకాలమా?" అంది పెద్దమ్మ. అయినా కూచుంది. ఆవిడ కూచుండగా మేము వెళ్ళిపోవడం అదే మొదటిసారి.

బయటికి వచ్చి గేటు దాటగానే, మురిక్కాలవ మీది పగిలిన పలక ఊగి అమ్మ కాలు మడతపడింది. హెల్మెట్ అప్పుడే తిరిగిచ్చేశాం. పడబోతున్న అమ్మని మావారు పట్టుకున్నారు. వెనకాలే వచ్చిన కుక్కుటేశ్వరరావు గారు గేటు గడప దగ్గర ఆగి, పలకనీ అమ్మ కాలునీ శ్రద్ధగా చూశారు.

"గేటు బయటే కదండీ?" అన్నారు.

"కాలు మాత్రం నాదే," అంది అమ్మ.

"బయట జరిగింది మా పరిధిలోకి రాదు మేడమ్. లెక్కలోకే రాదు." ఆయన మొహంలో నిజమైన ఊరట కనిపించింది.

వారోత్సవాలు బాగా జరిగాయని పక్షోత్సవాలు చేశారు. అవీ బాగా జరిగాయని మాసోత్సవాలు ప్రకటించారు. శిక్షణ పొందిన సందర్శకులను మాత్రమే లోపలికి అనుమతించాలన్నది మాసోత్సవాల కానుక. భోజనాల హాల్లో క్లాసు పెట్టారు. అందువల్ల ఆ రోజు లోపల పెద్దవాళ్ళకి భోజనం ఆలస్యమైంది గానీ, ఆకలి ప్రమాదాల పట్టికలో లేదు.

క్లాసయ్యాక పరీక్ష. అమ్మని అడిగిన ప్రశ్న ఇది: "మీ బంధువు కన్నీరు పెట్టుకున్నచో మీరు మొట్టమొదట ఏమి చేస్తారు?"

"ఎందుకేడుస్తున్నావే అని అడుగుతా."

"తప్పు. బెల్ నొక్కాలి."

"బెల్ నొక్కితే ఏడుపు ఆగుతుందా?"

"సిబ్బంది వచ్చి మిమ్మల్ని బయటికి పంపుతారు. కన్నీటి కారకం తొలగిపోతుంది."

అమ్మ తప్పింది. మావారు జవాబు చెప్పేముందు దగ్గారు, ఆయనా తప్పారు. నేను డిగ్రీ ఫస్టు క్లాసులో ప్యాసైన దాన్ని. వాళ్ళిచ్చిన పుస్తకం శ్రద్ధగా చదివి రాతపరీక్షలో అందరికన్నా పైన నిలిచాను. మిగిలింది ప్రాక్టికల్స్. మంచం మీద ఒక బొమ్మని పడుకోబెట్టారు. దాన్ని నేను "సురక్షితంగా" సందర్శించాలి. గీత ఇవతల నిలబడ్డాను, క్షేమమా అన్నాను, వాతావరణం బాగుందన్నాను. అధికారి తల ఊపుతూ మార్కులు వేస్తున్నారు. వస్తూ వస్తూ చూస్తే బొమ్మ పాదాల మీంచి దుప్పటి తొలగి ఉంది. కిందికి లాగి కప్పాను.

"అనధికార స్పర్శ," అన్నారు కుక్కుటేశ్వరరావు గారు విచారంగా. "ఇంత చదువుకున్నవారు మీరు."

ఆ విధంగా మా ఇంట్లో ముగ్గురం తప్పాం. ఆ కేంద్రంలో ఉన్న పెద్దవాళ్ళ బంధువుల్లో ప్యాసైనవారు ఒక్కరూ లేరు. ఇందుకు అధికారి నిరుత్సాహపడలేదు సరికదా, ఇంతకాలం ఎంత ప్రమాదకరమైన మనుషులు లోపలికి వస్తూ పోతూ ఉండేవారో ఇప్పుడు రుజువైందన్నారు. మాకు బదులుగా "ప్రామాణిక బంధువు" అనే కొత్త ఉద్యోగం సృష్టించారు. ఆ ఉద్యోగంలో చేరిన పిల్ల పేరు నీలవేణి. నర్సింగు చదివింది, అన్ని పరీక్షలూ ప్యాసైంది. హెల్మెట్ పెట్టుకుని గదిగదికీ వెళ్ళి, ఒక గదిలో కొడుకుగా, ఇంకో గదిలో మేనకోడలిగా, పెద్దమ్మ గదిలో చెల్లెలిగా రోజూ కాసేపు కూచునేది. పాపం మంచి పిల్ల. చెప్పమన్నది చెప్పేది.

"నేను మీ చెల్లెలి తరఫున వచ్చాను. మీరు క్షేమమా? మేము క్షేమం."

ఫోన్ చేద్దామంటే పెద్దమ్మకి ఫోన్ లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊరందరి గొంతులూ చెవిలో పెట్టుకున్నాను, ఇక నా చెవి నాకొదిలెయ్యండని ఎప్పుడో తేల్చేసింది. కేంద్రం నుంచి మాత్రం మాకు వారం వారం కబురు వచ్చేది: "సందర్శనలు నూరు శాతం సురక్షితం. రోగి ప్రశాంతం."

ఆ ప్రశాంతం అన్న మాటకి అమ్మ అన్నం ముందు కూచుని కూడా లేచిపోయింది. "అది ప్రశాంతంగా ఉండటమేవిటే? ఒంట్లో బాగున్న రోజున అది ప్రశాంతంగా ఎప్పుడుంది?"

నేను హేమలతకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి దాచలేదు. "నడవట్లేదండి. కమ్మీల దగ్గరికి కూడా రావట్లేదు. ఎవరొచ్చారని లేవాలి, ఎవరు వెళ్తున్నారని నడవాలి అంటారు. కాలు బిగుసుకుపోతోంది. ఇలా ఇంకొన్నాళ్ళుంటే కష్టమండి."

మర్నాడు కుక్కుటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గదిలో గోడ మీద నాలుగు నక్షత్రాలు అతికించి, ఐదోదానికి ఖాళీ ఉంచారు.

"మా పెద్దమ్మ నడవడం మానేసిందండి."

"అవును మేడమ్. పడిపోయే అవకాశం పూర్తిగా పోయింది."

"ఇంక ఎప్పటికీ నడవలేకపోతేనో?"

"ఎప్పటికీ పడరు," అన్నారు ఆయన. వేళాకోళం కాదు, ఓదార్పు. "చూడండి మేడమ్, అత్యంత సురక్షితమైన సందర్శన ఏది? జరగని సందర్శన. మేము ఆ ఆదర్శానికి చాలా దగ్గరగా వచ్చాం."

నేను కాసేపు ఆలోచించాను. "నీలవేణి వెళ్ళేటప్పుడు పెద్దమ్మ ఆవిడతోపాటు నడిస్తే అదీ ప్రమాదమేనాండి?"

"ఎందుకవుతుంది? నీలవేణి సిబ్బంది. సిబ్బంది పక్కనుంటే అది వ్యాయామం. బంధువు పక్కనుంటేనే ప్రమాదం."

"ఆవిడ ద్వారా మా అమ్మ ఒక మాట చెప్పించవచ్చాండి?"

"స్పర్శ, ఆహారం, కన్నీరు, ఈ మూడూ లేకపోతే నిరభ్యంతరంగా."

ఇంటికొచ్చి, "అమ్మా, పెద్దమ్మని ఏమంటే లేస్తుంది?" అని అడిగాను.

"మర్యాద తెలీదను. చచ్చినట్టు లేస్తుంది," అంది అమ్మ, క్షణం కూడా ఆలోచించకుండా.

ఆ మాట నేనే కేంద్రానికి వెళ్ళి అప్పజెప్పాను. కుక్కుటేశ్వరరావు గారు పరిశీలించి, మర్యాద ప్రమాదకర పదార్థం కాదని నిర్ణయించి, అనుమతించారు. నీలవేణి గీత దగ్గర నిలబడి, వాతావరణ విశేషాలు చెప్పినంత చల్లగా చెప్పిందట: "మీ చెల్లెలు చెప్పమన్నారు. ఇంటికొచ్చిన మనిషిని కుర్చీలోంచి లేవకుండానే పంపేస్తున్నావట. అమ్మ నేర్పిన మర్యాద ఇదేనా అని."

సాయంత్రం డ్యూటీ దిగి నీలవేణి మా ఇంటికొచ్చింది. జవాబు చేరవెయ్యడం కూడా ఆవిడ ఉద్యోగమే.

"మామ్మగారు చెప్పమన్నారండి... మర్యాద గురించి నువ్వా నాకు చెప్పేది, ఆడపడుచు వస్తోందని తెలిసి అరిసెల డబ్బా అటకెక్కించిన దానివి అని."

అమ్మ మొహం వెలిగిపోయింది. "ఎక్కడ నిలబడి చెప్పింది?"

"గుమ్మం దాకా వచ్చి చెప్పారండి. వాకరు పట్టుకుని. నేను నడుస్తూనే ఉన్నాను, ఆవిడ అంటూనే వచ్చారు."

"రేపు దానికి చెప్పు. అటకెక్కించింది నేను, రాత్రి దించుకు తిన్నది ఎవరూ అని."

"అందులో ఆహారం ఉందండి," అంది నీలవేణి భయంగా.

"సరే, అటక వరకే చెప్పు. మిగతాది దానికి తెలుసు."

మర్నాడు పెద్దమ్మ వరండా దాకా వచ్చింది. ఆ తర్వాత నందివర్ధనం మొక్క దాకా. ఒక్కో రోజు అమ్మ తిట్టు పదునెక్కేది, పెద్దమ్మ నాలుగడుగులు ఎక్కువ వేసేది. నీలవేణి గొంతులో కూడా మార్పొచ్చింది. మొదట్లో అప్పజెప్పినట్టు చెప్పే పిల్ల ఇప్పుడు చెయ్యి నడుముకి ఆనించి, "ఏవిటే అక్కా!" అని మొదలుపెడుతోందని హేమలత ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. కేంద్రం వారి కబురు: "ప్రామాణిక సందర్శనల వల్ల రోగిలో గణనీయమైన చలనం." ఆ కబురుతో ఐదో నక్షత్రానికి దరఖాస్తు వెళ్ళింది.

పెద్దమ్మ గేటు దాకా వచ్చిన రోజున నేను అమ్మని కూచోబెట్టి, "ఇంక ఆఖరి మాట పంపుదాం," అన్నాను. మర్నాడు నీలవేణి చెప్పిన మాట ఇంతే: "మీ చెల్లెలు మిమ్మల్ని ఒకటి అడగాలన్నారు. ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నారట. కానీ అది అడగడానికి ఇక్కడ అనుమతి లేదు."

ఆ మర్నాడు ఆదివారం. మేము భోజనాలకి కూచునే వేళకి వీధిలో ఆటో ఆగింది. ముందు వాకరు దిగింది. తర్వాత పెద్దమ్మ. ఆ వెనకాల పచ్చ హెల్మెట్టుతో, మెరిసే చొక్కాతో నీలవేణి.

"గేటు దాకా సాగనంపుతానన్నారండి," అంది నీలవేణి నీరసంగా. "గేటు దగ్గర ఆగలేదండి. ఆటో ఆపేశారు. ఆవిణ్ణి వదిలి నేనెలా ఉంటాను?"

పెద్దమ్మ మా గుమ్మం ఎక్కి, నిలబడి ఊపిరి తీసుకుంది. చెమటలు పడుతున్నాయి. మావారు కుర్చీ లాగబోతే చెయ్యెత్తి ఆపింది. "ముందు అడుగు సీతా. ఏవిటా మాట? రాత్రంతా నిద్ర లేదు నాకు."

అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొక్కడానికి మా ఇంట్లో బెల్ లేదు.

"ఎందుకే ఏడుస్తావు?" అంది పెద్దమ్మ.

"పులిహోరలో నీకు ఇంగువ ఇష్టమా కాదా?" అంది అమ్మ.

అంతలో ఫోన్ మోగింది. కుక్కుటేశ్వరరావు గారు. "మేడమ్, సదరు భ్రమరాంబ గారు ప్రాంగణంలో కనిపించుట లేదు. ఆవిడ మీ దగ్గర... పడ్డారా?"

"పడలేదండి. కూచున్నారు. విస్తరి వేస్తున్నాం."

"గేటు లోపల గానీ ఏమైనా..."

"ఏమీ జరగలేదండి. అంతా గేటు బయటే."

ఫోన్‌లో దీర్ఘమైన నిట్టూర్పు వినపడింది. "బయటేనా! అయితే మా పరిధిలోకి రాదు. మా వరకు నీలవేణి సందర్శన ఇంకా కొనసాగుతున్నట్టే పరిగణించబడును." ఫోన్ పెట్టేశారు.

నీలవేణి హెల్మెట్ తీసి మంచినీళ్ళ బిందె పక్కన పెట్టి, చేతులు ఒక్క రకం నీళ్ళతోనే కడుక్కుని మా వరసలో కూచుంది. అమ్మ ఇంగువ పులిహోర వడ్డించింది. పెద్దమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. మావారు ఊపిరి బిగబట్టి ఆవిడ మొహమే చూస్తున్నారు.

"నాకు ఇంగువ పడదు," అంది పెద్దమ్మ. "ఎప్పుడూ పడలేదు. ఇది వేస్తుంది కదాని తింటున్నాను."

మావారు గెలిచినట్టు నవ్వబోయి, అమ్మ వైపు చూసి మానుకున్నారు.

"ఇన్నేళ్ళూ చెప్పొచ్చుగా!" అంది అమ్మ.

"అడిగావా?"

పెద్దమ్మ విస్తరి ఖాళీ చేసి, వేళ్ళు విదిల్చి, ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపే గొంతుతో అందరికీ వినపడేలా చెప్పింది. "ఇదిగో, అందరూ వినండి. నా కాలు పూర్తిగా బాగయ్యేదాకా నేనక్కడే ఉంటాను. హేమలత మంచి పిల్ల, మీ పెరటి మెట్లు నావల్ల ఇంకా కాదు. కానీ మీరెవ్వరూ అక్కడికి రాకండి. మీరు పరీక్ష తప్పిన మనుషులు, ప్రమాదం. రేపట్నుంచి ఈ పిల్లని సాగనంపుతూ నేనే ఇక్కడికి వస్తాను. మీరు ఇంట్లో వండుకుని కూచోండి, చాలు. ఇంగువ లేకుండా."

అమ్మ లేచి, గిన్నె తెచ్చి, పెద్దమ్మ విస్తట్లో ఇంకో గరిటెడు పులిహోర వేసింది.

"ఇంగువ వేస్తాను," అంది. "ఏం చేస్తావో చెయ్యి."

పెద్దమ్మ ఆ పులిహోర వైపు చూసింది, గోడకి ఆనించిన వాకరు వైపు చూసింది.

"అయితే రేపు రాక తప్పదన్నమాట," అని, ముద్ద కలిపింది.